బ్లూబెర్రీలు వాళ్ళ అడవిలో, ప్లాట్లు మన గుట్ట మీద

ప్రతి ఏడాదీ జులై చివర్లో మొదలవుతుంది ఈ వరస. స్టాక్‌హోంలోనో గోథెన్‌బర్గ్‌లోనో హెల్సింకీలోనో ఆన్‌సైట్‌లో ఉన్న మనవాళ్ళు శనివారం రాగానే అడవికి బయల్దేరతారు. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా నిండా బ్లూబెర్రీలు, పక్కన నీలం నాలుక బయటపెట్టిన పిల్లాడు, వెనక నిటారుగా పైన్ చెట్లు. ఫోటో వాట్సాప్‌లో పడుతుంది. కింద తప్పనిసరిగా ఒక వాక్యం ఉంటుంది: "మన దేశంలో ఇలాంటివి ఈ జన్మకి చూస్తామా?" ఆ కింద పాతిక మంది బొటనవేళ్ళు.

ఫోటోలతో నాకేం పేచీ లేదు. ఏరుకోండి, తినండి, మిగిలితే జామ్ చేసుకోండి. నా పేచీ అంతా ఆ కింద రాసే మాటతోనే. ఆ మాట విప్పి చూస్తే అందులో మూడు తీర్పులు కనిపిస్తాయి. ఒకటి, మనకి అడవుల్లేవు. రెండు, మనవాళ్ళకి ప్రకృతిని ఆస్వాదించటం రాదు. మూడు, వాళ్ళు పుట్టుకతోనే ప్రకృతి ప్రేమికులు. ఈ మూడూ తప్పేనని నా వాదన. పైగా ఈ మూడింటినీ నమ్మటం మనకి చాలా సౌకర్యంగా ఉంటుంది. ఎందుకో చివరికొచ్చేసరికి తెలుస్తుంది.

ముందే చెప్పేస్తున్నా, నేనూ ఒక వేసవి స్టాక్‌హోంలో పనిచేసి వచ్చినవాణ్ణే. మెట్రో లైను చివరి స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే అడవి. మోకాలెత్తు కూడా లేని పొదలు, ఆ పొదల్లో బెర్రీలు. సూపర్ మార్కెట్లో దొరికే లావుపాటి అమెరికా బ్లూబెర్రీలు వేరు, ఇవి వేరు. ఇవి చిన్నవి, లోపల గుజ్జు కూడా ఊదా రంగే, అందుకే నాలుకా వేళ్ళూ అలా అవుతాయి. ఆగస్టు దాటాక ఎర్రటి లింగన్‌బెర్రీలు వస్తాయి, పచ్చిగా తింటే మన కలె కాయలాగే వగరూ పులుపూ. ఉత్తరాన బురద నేలల్లో పసుపు రంగు క్లౌడ్‌బెర్రీలు దొరుకుతాయి, అవి ఎక్కడ కాస్తాయో పక్కింటివాడికి కూడా చెప్పరు. బాగుంటుంది, నిజంగానే బాగుంటుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

కానీ నన్ను ఆశ్చర్యపరిచింది బెర్రీ కాదు. ఆ అడవి ఎవరిదో తెలిశాక ఆశ్చర్యం వేసింది. స్వీడన్ అడవుల్లో దాదాపు సగం మామూలు మనుషుల సొంత ఆస్తి. అంటే ఎవరో ఒక రైతు, ఒక టీచరమ్మ, ఒక రిటైరైన పెద్దాయన పేరు మీద పట్టా ఉన్న భూమిలో మనం డబ్బా పట్టుకుని తిరుగుతున్నామన్న మాట. అడిగేవాడు లేడు, టికెట్ లేదు, "ఇది ప్రైవేటు స్థలము, లోనికి రాకూడదు" అన్న బోర్డు లేదు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఊరుకుంటున్నారా? అదేం కాదు. మనల్ని ఆపే హక్కు వాళ్ళకి లేదు!

దీని పేరు అల్లెమాన్స్‌రెట్టెన్. 'ప్రతి మనిషి హక్కు' అనుకోండి. ఎవరి భూమిలోనైనా నడవచ్చు, అడవి పండ్లూ పుట్టగొడుగులూ పువ్వులూ ఏరుకోవచ్చు, ఒకటి రెండు రాత్రులు డేరా వేసుకోవచ్చు. ఇంటి పెరట్లోకి, పంట చేల్లోకి వెళ్ళకూడదు. బతికున్న చెట్టు కొమ్మ విరవకూడదు. రక్షిత మొక్కల జోలికి పోకూడదు. నేషనల్ పార్కులకి వాటి నియమాలు వాటికుంటాయి. మొత్తాన్ని వాళ్ళు రెండు ముక్కల్లో చెప్తారు: ఇబ్బంది పెట్టకు, పాడుచెయ్యకు. ఎన్నో తరాలుగా ఆచారంగా ఉన్న ఈ హక్కుని 1994లో స్వీడన్ తన రాజ్యాంగంలోనే రాసుకుంది. నార్వే 1957లోనే చట్టం చేసింది. ఫిన్లాండ్‌లోనూ ఇదే పద్ధతి. ఇదంతా ఆ చలి దేశాలకే చెల్లుతుంది అనేవాళ్ళకి ఒక మాట. జమీందారీ ఎస్టేట్లకి పేరుపడ్డ స్కాట్లాండ్ కూడా 2003లో చట్టం చేసి, భూముల మీద నడిచే హక్కు జనానికి ఇచ్చింది. రక్తంలో ఉన్న ప్రకృతి ప్రేమ అయితే చట్టం దేనికి చెప్పండి?

ఇక మన దగ్గరికొద్దాం.

నాదర్‌గుల్ తెలియని హైదరాబాద్ ఐటీవాళ్ళు ఇప్పుడు తక్కువే. ఎల్.బి.నగర్ దాటి దక్షిణానికి పోతే తగులుతుంది. ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పైలట్ శిక్షణకి వాడిన రన్‌వే ఉంది, ఇంకాస్త ముందుకి పోతే ఔటర్ రింగ్ రోడ్డూ ఆదిభట్లలో టీసీఎస్సూ. నేను ఇంజినీరింగ్ చదివింది ఆ వైపే. ఆ చుట్టుపక్కల గుట్టల మీద, బండరాళ్ళ సందుల్లో, ఎవరూ నాటకుండా ఎవరూ నీళ్ళు పొయ్యకుండా సీతాఫలం చెట్లు కాసేవి. కాయ మీద కళ్ళు విచ్చుకుంటే కోతకొచ్చినట్టు. తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే రెండు రోజుల్లో మగ్గుతుంది. దసరాకీ దీపావళికీ మధ్య హాస్టల్ రూముల్లో గింజలు ఊసే పోటీలు పెట్టుకున్నవాళ్ళు ఇది చదువుతున్నవాళ్ళలో కొందరైనా ఉంటారు.

సీతాఫలం ఒక్కటే కాదు. రంగారెడ్డి, మహబూబ్‌నగర్, నల్గొండ గుట్టల క్యాలెండర్ ఒకసారి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో తునికి పండ్లు, మొర్రి పండ్లు, చింత చిగురు. ఎండలు ముదిరాక ఈత పండ్లు, కలె పండ్లు. తొలకరికి నేరేడు. వానలు పడ్డాక కంచెల మీద పాకే బోడకాకర. ఆ తర్వాత సీతాఫలం. చలికాలంలో పరికి పండ్లు, సంక్రాంతికి రేగు పండ్లు. స్వీడన్ వాడికి ఏడాదిలో మూడు నెలలు ఏరుకునే కాలం, మిగతాదంతా చలీ చీకటీ మంచూ. మనకి ఏ నెలలోనూ ఖాళీ లేదు. తెలంగాణ నేలలో సుమారు 24 శాతం అటవీ భూమి అని ప్రభుత్వమే చెప్తోంది. అడవుల్లేవు అన్న మొదటి తీర్పు సంగతి అదీ.

రెండోది, మనవాళ్ళకి రాదు అన్నది. సాగర్ రోడ్డు మీదో శ్రీశైలం రోడ్డు మీదో సెప్టెంబరులో కారు ఆపి చూడండి. గంప ముందు పెట్టుకుని కూర్చున్న లంబాడా అవ్వకి ఏ గుట్టలో ఏ చెట్టు ఎప్పుడు పక్వానికొస్తుందో తెలుసు. ఏ కాయ ఇవాళ తినాలో, ఏది ఎల్లుండికి పండుతుందో చేత్తో పట్టుకుని చెప్తుంది. అదే పని స్వీడన్లో చేస్తే దాన్ని 'ఫోరేజింగ్' అంటాం, వీడియో తీస్తాం. ఇక్కడ చేస్తే ఇరవై రూపాయలు తగ్గించమని బేరమాడతాం. ఆ సాయంత్రమే సూపర్ మార్కెట్లో అరచేతిలో పట్టే డబ్బా బ్లూబెర్రీలకి, విదేశం నుంచి విమానంలో వచ్చినవాటికి, మారు మాట్లాడకుండా మూడు నాలుగు వందలు ఇచ్చి వస్తాం.

కాబట్టి అడవులూ ఉన్నాయి, తెలిసినవాళ్ళూ ఉన్నారు. లేనిదల్లా హక్కు. అది కూడా మొదట్నుంచీ లేనిది కాదు, ఉన్నదాన్ని లాక్కున్నారు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం వచ్చాక, అప్పటిదాకా ఊరివాళ్ళు పశువులు మేపుకున్న అడవి, కట్టెలూ పండ్లూ తెచ్చుకున్న అడవి, ప్రభుత్వ ఆస్తి అయిపోయింది. పశువు అడవిలోకి అడుగుపెడితే పుల్లరి కట్టాలి. 1921లో పల్నాడు రైతులు కట్టం పొమ్మన్నారు. 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలైంది. దాని వెనకా అడవి ఆంక్షల వల్ల కడుపు మండిన జనమే. నైజాం వైపు కొమరం భీం జల్, జంగల్, జమీన్ అన్నాడు, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. వీళ్ళందరినీ మనం సినిమాల్లో చూసి చప్పట్లు కొట్టాం. వాళ్ళు అడిగింది ఏంటో మాత్రం మర్చిపోయాం. వాళ్ళు అడిగిన దాంట్లో ముఖ్యమైన ముక్క ఒకటి స్వీడన్ రాజ్యాంగంలో ఉంది: అడవిలోకి వెళ్ళే హక్కు, అక్కడ కాసింది తెచ్చుకునే హక్కు.

స్వాతంత్ర్యం వచ్చాకైనా మారిందా? 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమే తెలంగాణలోనూ నడుస్తోంది. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ఏరుకుంటే నేరమే. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి, అడవిని నమ్ముకుని బతికే గిరిజనులకీ, మూడు తరాలుగా అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఉన్న ఇతరులకీ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. చాలా మంచి చట్టం, అమలు సంగతి వేరే కథ. కానీ నగరం అంచున ఉన్న నాదర్‌గుల్ లాంటి ఊరివాడికి, అక్కడ చదువుకునే కుర్రాడికి, అది వర్తించదు.

ఇప్పుడు 'కంచ' అన్న మాట చూడండి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే గడ్డి బీడు, పొదల భూమి. కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది అదే. గైరాన్, బంచరాయి, పోరంబోకు... రికార్డుల్లో ఏ పేరుతో ఉన్నా ఊరికి ఉమ్మడి మేత భూములు ఉండేవి. రేగు పండూ పరికి పండూ ఎక్కువగా దొరికింది ఆ భూముల్లోనే. ఆ కంచలన్నీ ఏమయ్యాయి? అన్నీ ప్లాట్లయ్యాయి. కంచ పోయి కంచె వచ్చింది!

నగరంలో మిగిలినవేంటో కూడా చూడండి. వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి, ఒకప్పుడు నిజాం వేట స్థలం. బంజారాహిల్స్‌లో కేబీఆర్ పార్కు, చిరాన్ ప్యాలెస్ ఉన్న రాజుగారి ఆవరణ. ప్రభువుల వేట స్థలాలు గోడలతో సహా బతికి బట్టకట్టాయి, జనం పశువులు మేపుకున్న కంచలు మాయమైపోయాయి. రెండూ ఇప్పుడు నేషనల్ పార్కులే కాబట్టి అక్కడ రాలిన కాయ ఏరుకున్నా చట్టం ఒప్పుకోదు. ట్రాక్ మీద నడిచి, చెమటోడ్చి, కార్లో ఇంటికెళ్ళటమే. నాదర్‌గుల్ పక్కనే గుర్రంగూడ అడవి ఉంది. అందులో సంజీవని వనం పేరుతో ఒక పార్కు చేశారు. పార్కులు వద్దని నేను అనను, ఉన్నవి పోకుండా ఉంటే చాలు. కానీ పార్కు అంటే గేటూ టైమింగులూ ఉన్న చోటు. పిల్లాడికి అది జూ లాంటిదే.

ఇక్కడే మనం వస్తాం, అంటే ఐటీవాళ్ళం. ఔటర్ పక్కన, సాగర్ రోడ్డు మీద, శ్రీశైలం రోడ్డు మీద వెంచర్లు వేస్తున్నది ఎవరిని నమ్ముకుని? మన జీతాల్ని, మన బోనసుల్ని, మన హోం లోన్ అర్హతని. బ్రోషర్ మీద 'ఫారెస్ట్ వ్యూ' అని ఉంటుంది. గుట్టని సగం చెక్కేసి, సీతాఫలం పొదల్ని జేసీబీతో లాగేసి, నలభై అడుగుల రోడ్డు వేసి, దాని పక్కన వరసగా తాటి జాతి షోకు మొక్కలు నాటి, నాలుగు వైపులా ప్రహరీ కట్టి, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని కూర్చోబెట్టాక మిగిలిన ఫారెస్ట్ వ్యూ అది. ఆ గార్డు ఉద్యోగం ఏంటి? గంప పట్టుకున్న అవ్వ లోపలికి రాకుండా చూడటం. స్టాక్‌హోంలో ఇంకొకడి భూమిలో డబ్బా నింపుకుని, ఇక్కడ మన ఖాళీ ప్లాటులో మేక మేస్తే వాట్సాప్ గ్రూపులో గగ్గోలు పెట్టేది మనమే. పదేళ్ళుగా ఇల్లు కట్టం, గడ్డి మొలిచి ఉంటుంది, అయినా మేక రాకూడదు.

మనవాళ్ళకి ప్రకృతి స్పృహ లేదు అన్న తీర్పు సౌకర్యంగా ఉంటుంది అన్నది ఇందుకే. తప్పు సంస్కృతిదైతే మన ఈఎమ్ఐ గురించి మాట్లాడక్కర్లేదు కదా.

సరే, వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

"వాళ్ళు ఎంతమంది, మనమెంతమంది?" లెక్క నిజమే. స్వీడన్ 4.5 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం కోటి పైచిలుకు. తెలంగాణ 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా లెక్కల్లోనే 3.5 కోట్లు. అందరినీ వదిలితే అడవి మిగలదు అంటారు. మరి ఇన్నాళ్ళూ తాళం వేస్తే మిగిలిందా? 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోపు సుమారు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి. రేగు పండ్లు ఏరుకునేవాడు ఎన్ని జన్మలెత్తితే అంత నష్టం చెయ్యగలడు? ఇంకో సంగతి గమనించండి. అక్కడ మొదట అడ్డం నిలబడింది ఎవరు? ఆ అడవిలో రోజూ నడిచిన యూనివర్సిటీ విద్యార్థులు. జింకలు ఏ వైపు నీళ్ళకి వస్తాయో, నెమళ్ళు ఎక్కడ తిరుగుతాయో తెలిసినవాళ్ళు. పక్కనే అద్దాల భవనాల్లో లక్షల మందిమి ఉన్నాం, మనకి అక్కడ అడవి ఉందన్న సంగతే ఆ వారం వార్తల్లో తెలిసింది. అడుగుపెట్టని చోటు కోసం ఎవరు కొట్లాడతారు?

"మనవాళ్ళు చెత్త వేస్తారు." వేస్తారు, ఒప్పుకుంటా. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో సోమవారం పొద్దున చూస్తే బిర్యానీ ప్యాకెట్లు, సీసాలు. కానీ అవి వేసింది ఆ ఊరి పశువుల కాపరి కాదు. వీకెండ్‌కి వెళ్ళిన మనమూ, మన టీం ఔటింగులూ. అదే మనం స్వీడన్లో ఖాళీ సీసాని సంచీలో వేసుకుని తిరిగొస్తాం. డిపాజిట్ డబ్బులు వస్తాయి కాబట్టి కొంత, చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని కొంత. కాబట్టి అది జీన్స్‌లో ఉన్న లోపం కాదు. సీసాకి డిపాజిట్ పెడితే, తప్పుకి జరిమానా వేస్తే ఇక్కడా మారుతుంది. చెత్త పేరు చెప్పి హక్కే వద్దనటం, బగ్ ఉందని ప్రాజెక్టే మూసేసినట్టు.

"పాములుంటాయి, విషం కాయలుంటాయి." అక్కడా పురుగు కుట్టి మెదడు వాపు వస్తుందని వ్యాక్సిన్ వేయించుకునే మనం అడవికి వెళ్ళాం. ఏది తినాలో తెలియనప్పుడు తెలిసినవాళ్ళ వెంట వెళ్ళాలి. తెలిసినవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, ఇంకో ఇరవై ఏళ్ళకి ఉండకపోవచ్చు.

అలాగని స్వీడన్‌కి హారతి పట్టడం కూడా నా పని కాదు. అక్కడ అడవి అనుకున్నదాంట్లో చాలా భాగం కలప కోసం నాటిన తోటే, పెరిగాక మొత్తం నరికేసి మళ్ళీ వరసగా నాటుతారు. ఇంకో ముఖ్యమైన సంగతి, సూపర్ మార్కెట్లలోకి వచ్చే అడవి బెర్రీల్ని ఏరేది అక్కడి కుటుంబాలు కాదు. ఏళ్ళ తరబడి థాయ్‌లాండ్ నుంచి వేల మందిని తీసుకొచ్చారు. అప్పు చేసి టికెట్ కొనుక్కుని వచ్చి, రోజుకి పన్నెండు గంటలు పైన ఏరి, చేతిలో ఏమీ మిగలక వెనక్కి పోయినవాళ్ళున్నారు. స్వీడన్లోనూ ఫిన్లాండ్‌లోనూ కోర్టు కేసులయ్యాయి. అందరి హక్కుని కంపెనీలు వ్యాపారానికి వాడుకుంటే జరిగేది అదీ. మనం దీన్నించి కూడా నేర్చుకోవాలి. రేపు ఎవరో ఒక స్టార్టప్ వచ్చి మన గుట్టల మీది సీతాఫలాన్ని 'వైల్డ్ హార్వెస్ట్' అని యాప్‌లో అమ్మితే నష్టపోయేది ఆ అవ్వే.

అందుకే నేను అడిగేది స్వీడన్ చట్టానికి నకలు కాదు. అభయారణ్యాలూ టైగర్ రిజర్వులూ వదిలేసి, ఊళ్ళ పక్కన, నగరం అంచున ఉన్న అటవీ భూముల్లో కాలినడకన తిరిగే హక్కు అందరికీ ఉండాలి. చేత్తో ఏరుకుని అక్కడే తినేంత, ఇంటికి ఒక సంచీ తెచ్చుకునేంత హక్కు ఉండాలి. అమ్ముకునే హక్కు మాత్రం అక్కడ బతికేవాళ్ళకే ఉండాలి. నగరం చుట్టూ కడుతున్న ఫారెస్ట్ పార్కుల్లో షోకు మొక్కల బదులు రేగు, నేరేడు, కలె, సీతాఫలం పెంచండి, కాస్తే కోసుకోనివ్వండి. మిగిలిన కంచల్ని, గైరాన్లని సర్వే చేసి హద్దులు చూపించండి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని సుప్రీంకోర్టు 2011లోనే జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, కొత్తగా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మన చేతిలో ఉన్నది. ప్లాటు చూడటానికి వెళ్ళినప్పుడు వాస్తూ, రోడ్డు వెడల్పూ అడుగుతాం కదా. ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఖాస్రా పహాణీలో ఈ సర్వే నెంబరు ఏమని ఉంది? పట్టా అనా, గైరాన్ అనా, శిఖం అనా? బ్యాంకు లాయర్ చూసేది మీ అప్పు భద్రంగా ఉందా అని, ఇక్కడ ఎవరి పశువులు మేసేవో ఆయనకి అనవసరం. అది మీరే చూసుకోవాలి. ఉమ్మడి భూమి అని తేలితే ఎంత చవకైనా కొనకండి. మనం కొనకపోతే వెంచర్ వెయ్యడు, అంతే. ఈ ఒక్క విషయంలో మార్కెట్ మన మాట వింటుంది.

నాదర్‌గుల్ వైపు ఇంకా చెక్కని గుట్టలు కొన్ని ఉన్నాయి. ఈ దసరాకి అటు వెళ్ళేవాళ్ళు గంప దగ్గర బేరమాడకుండా కొనండి, ఏ గుట్ట నుంచి తెచ్చావమ్మా అని అడగండి. ఆ గుట్ట వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో ఆమెకి మనకన్నా ముందే తెలుస్తుంది. మీ ఊళ్ళో కంచ ఎక్కడుండేది, ఇప్పుడక్కడ ఏముంది? తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి అడిగి రాయండి. తిట్టాలనుకునేవాళ్ళు కూడా ముందు ఆ ఫోన్ చేసి వచ్చి తిట్టండి.